పేర్లు రాయని బడి

అమెరికాలో, పార్సిప్పనీలోని ఆ అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఎలిసేయోని ఎరగనివాళ్ళు తక్కువ. స్పెయిన్ నుంచి వచ్చిన ఎనభై ఆరేళ్ళ మనిషి. లాండ్రీ గది పక్క హాల్లో శనివారాలు పొద్దున ఇంగ్లీషు నేర్పేవాడు. పరీక్షల్లేవు, హాజరుపట్టీ అంతకన్నా లేదు. ఎవరైనా సార్ అంటే "ఇక్కడ సార్లెవరూ లేరు" అనేవాడు. ప్రభుత్వాలూ యజమానులూ లేకపోయినా మనుషులు కలిసి బతకగలరని నమ్మే అరాజకవాదినని ఒకసారి తనే చెప్పాడు. చెప్పి, తలుపు వైపు చూశాడు.

ఉజ్వల కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చింది. ఇంటర్వ్యూల్లో నోరు పెగలడం లేదని ఆ క్లాసులో చేరి, నాలుగు నెలల్లో అక్కడి పనులన్నీ నెత్తిన వేసుకుంది. వచ్చేవాళ్ళు ముప్ఫై దాటారు. రెస్టారెంట్‌లో వంట చేసే అంజయ్య, ఇళ్ళు శుభ్రం చేసే గ్వాటెమాలా ఆడవాళ్ళు, ఇంకా ఎవరెవరో. లెక్క తెలియకపోతే ఎలా అని ఆమె లాప్‌టాప్‌లో ఒక లిస్టు తయారుచేసింది. పేరు, ఫోను, ఫ్లాట్ నంబరు, వీసా. ఎవరికైనా లాయర్ అవసరం పడితే పనికొస్తుందని ఆ చివరిది కూడా రాసింది. ఎలిసేయోకి చెప్పలేదు.

అక్టోబరులో ఒక శనివారం అంజయ్య ఆలస్యంగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"చెల్లె, మన అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీస్ కాడ ఇద్దరొచ్చి మన క్లాస్ గురించి అడిగిన్రట. ఎవరెవరు వస్తరు, ఎవరు నడుపుతరు అని. ఎక్కడి నుంచి వచ్చిన్రో చెప్పలేదట."

"ఎప్పుడు, అన్నా?"

"నిన్న. సోమవారం పదకొండుకు మళ్ళ వస్తమన్నరట."

అంజయ్య వీసా గడువు తీరి రెండేళ్ళయింది. ఆ ముక్క లిస్టులో తనే టైప్ చేసింది. ఉజ్వల లాప్‌టాప్ మూత దించింది.

అందరూ వెళ్ళాక ఎలిసేయోకి చెప్పింది. ఆయన వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"ఎక్కడైనా పేర్లు రాశావా?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు.

లేదని అనొచ్చు. అనలేక, లిస్టు సంగతి చెప్పేసింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకు ఇరవై మూడేళ్ళప్పుడు బార్సిలోనా దగ్గర మిల్లు కూలీలకి రహస్యంగా బడి నడిపాను. నియంత రోజులవి. రిజిస్టరు పెట్టాను. నా దస్తూరి బాగుండేది. పేరు, మిల్లు, వీధి. పోలీసులు ఆ పుస్తకం పట్టుకుపోయారు. ఇక వాళ్ళకి ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. నేను రాసిన వరసలోనే ఇంటింటికీ వెళ్ళారు. పందొమ్మిది మంది. నేను మాత్రం కొండలు దాటి ఫ్రాన్స్‌లో పడ్డాను."

"వాళ్ళేమయ్యారు?"

"నూరియా అని పదిహేడేళ్ళ పిల్ల నాలుగేళ్ళకి జైలు నుంచి బయటికొచ్చింది. నాకు ఒక్కటే ఉత్తరం రాసింది. అంత శుభ్రంగా ఎందుకు రాశావని అడిగింది."

ఉజ్వల అక్కడే లాప్‌టాప్ తెరిచి లిస్టు డిలీట్ చేసింది. చేశాక గుర్తొచ్చింది, హాల్ బుక్ చేసేటప్పుడు ఎంతమంది వస్తారని అడిగితే దాన్నే లీజింగ్ ఆఫీస్‌కి మెయిల్ చేసిందని.

ఆదివారమంతా ఆమె కిటికీ దగ్గరే కూర్చుంది. లోపలికొచ్చే ప్రతి కారూ తన బిల్డింగ్ ముందే ఆగుతున్నట్టు అనిపించింది. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సోమవారం పది గంటలకి ఉజ్వల, ఎలిసేయో లీజింగ్ ఆఫీస్‌కి నడిచారు. దారిలో ఆయన ఇంకో సంగతి చెప్పాడు. అమెరికా వచ్చేటప్పుడు నువ్వు అరాజకవాదివా అని ఫారంలో అడిగారట. కాదని రాశాడట. ఆ ఒక్క అబద్ధం ఎప్పుడు బయటపడుతుందోనని యాభై ఏళ్ళుగా సర్కారు కవరు వస్తే ముందు తలుపు గడియ పెట్టి గాని విప్పడట.

ఆఫీస్ మేనేజర్ బల్ల మీద ఉజ్వల పంపిన లిస్టు ప్రింట్ తీసిన కాగితం ఉంది. ఆమె దానిమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఇస్తానని వాళ్ళకి చెప్పలేదు. ఇవ్వననీ చెప్పలేదు. నా ఉద్యోగం నాకు కావాలి."

"కావాలి మరి," అన్నాడు ఎలిసేయో. "క్లాసు నాది. వాళ్ళకి నా పేరు, నా ఫ్లాట్ నంబరు ఇవ్వండి. నేను ఇక్కడే కూర్చుంటాను."

ఉజ్వల ఆయన చెయ్యి పట్టుకుంది. "మీకేమన్నా అయితే?"

"అవుతుందేమో. నాకూ భయంగానే ఉంది."

మేనేజర్ కాగితం మీంచి చెయ్యి తీసి, దాన్ని ఉజ్వల వైపు తోసింది. "మెయిల్ కూడా తీసేశాను. నమ్మితే నమ్మండి."

ఆ ఇద్దరూ సరిగ్గా పదకొండుకి వచ్చారు. ఉజ్వల పార్కింగ్‌లో తన కార్‌లో ఒరిగి కూర్చుని ఆఫీస్ అద్దాల్లోంచి చూసింది. ఎలిసేయో కుర్చీలో నిటారుగా ఉన్నాడు. వాళ్ళు నిలబడే మాట్లాడారు. ఇరవై ఐదు నిమిషాలకి వెళ్ళిపోయారు. ఆయన ఒక్కడే బయటికొచ్చి, నాలుగడుగులు వేసి, రోడ్డు అంచున కూలబడ్డాడు. ఆమె పరుగెత్తింది. చొక్కా వీపున తడిసిపోయి ఉంది.

"ఏమడిగారు?"

"పేర్లు. ముసలివాణ్ణి, గుర్తుండవన్నాను. మళ్ళీ వస్తామన్నారు."

తరువాతి శనివారం నలుగురే వచ్చారు. అంజయ్య ఫోన్ స్విచాఫ్. రెస్టారెంట్‌లో అడిగితే టెక్సస్ వెళ్ళిపోయాడన్నారు. మేనేజర్ నిజంగా మెయిల్ తీసేసిందో లేదో కనుక్కునే దారి లేదు.

ఎలిసేయో కుర్చీలు దగ్గరగా జరిపి, అధికారులు తలుపు కొట్టి లోపలికి రాబోతే చెప్పాల్సిన వాక్యం ఒక్కటే నేర్పించాడు. "ముందు జడ్జి సంతకం ఉన్న కాగితం చూపించండి." ఒక్కొక్కరూ ఇంగ్లీషులో అన్నారు. ఉజ్వల వంతు వచ్చేసరికి బయట కారు తలుపు పడిన చప్పుడైంది. ఎవరూ కదల్లేదు. గోడ అవతల వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. అడుగులు హాల్ దాకా వచ్చి, దాటి, మెట్లెక్కాయి.

ఎలిసేయో ఆమె వైపు తలూపాడు. ఆమె మొదటి మాట దగ్గర్నుంచి మొదలుపెట్టింది.