వరదప్ప తోడల్లుడు

కృష్ణగిరిలో శిక్షణకు పోయి వచ్చినప్పటి నుంచి బేరిగై వరదప్పకు తేనెటీగల పిచ్చి పట్టుకుంది. అక్కడ ఈగలతో సహా ఇచ్చిన తేనెపెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే, శూలగిరి రాకముందే చుట్టుపక్కల సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. మిగతా దారంతా కాళ్లు బారజాపుకుని జమీందారులా వచ్చాడు.

పెట్టెను ఎత్తుగా పెట్టమని శిక్షణలో చెప్పారు. కానీ సాయంత్రం పూట పెరట్లో చాప మీద ఒరిగి, ఈగలు గూటికి చేరడం చూడటమంటే వరదప్పకు ప్రాణం. అందుకని రెండిటుకల మీద పెట్టి, ఈగల వాకిలి సరిగ్గా తన కళ్లకెదురుగా ఉండేలా చూసుకున్నాడు.

ఎండలు ముదిరేసరికి ఈగలు తగ్గసాగాయి. వరదప్పకు ముద్ద దిగలేదు. మైనపు పురుగు పట్టిందేమోనని పెట్టెలోని చట్రాలు ఎత్తి చూశాడు. పురుగూ లేదు, దాని బూజూ లేదు. చీమలేమోనని చుట్టూ బూడిద పోశాడు. కందిరీగలు ఎత్తుకుపోతున్నాయేమోనని చేట పట్టుకుని కాపలా కాశాడు. ఒక్క కందిరీగా దొరకలేదు గానీ, గోడ మీంచి తొంగిచూసిన పక్కింటి మునివెంకటప్ప తలపాగా ఎగిరిపోయింది.

"ఏమప్పా, నేనేమన్నా నీ ఈగల్ని తినేదానికి వచ్చినానా?" అని అరిచాడు మునివెంకటప్ప.

నిజానికి తినేవాడు రోజూ వరదప్ప ముందే కూర్చుంటున్నాడు. ఈగల్ని చూస్తూ చూస్తూ వరదప్ప గురక పెట్టేవాడు. ఈ సంగతి ఇంట్లో అతనికి తప్ప అందరికీ తెలుసు. ఒకనాడు దోమ కుట్టి మెలకువ వచ్చింది. చూస్తే, పెట్టె వాకిట్లో పిడకంత గోదురుకప్ప! ఒక ఈగ వచ్చి వాలింది. కప్ప నోరు తెరిచి మూసింది. ఈగ లేదు. కప్ప మాత్రం తృప్తిగా కళ్లు మూసి తెరిచింది.

"దొంగనాయాలా!" అంటూ వరదప్ప దాన్ని గంపలో వేసుకుని, ఊరవతల చెరువుగట్టు దాకా మోసి వదిలేసి వచ్చాడు. మరునాటి సాయంత్రానికి మళ్లీ అక్కడే కప్ప. ఇది అదేనా, దాని అన్నా? తేల్చుకుందామని వీపు మీద ఇంత కుంకుమ పూసి, ఈసారి ఇంకా దూరం తీసుకెళ్లి వదిలాడు.

ఆ కుంకుమే కొంప ముంచింది.

వరదప్ప అత్త కాళమ్మ కూతుర్ని చూసిపోదామని బర్గూరు నుంచి వచ్చి, వానలు పడినాక పోతానంటూ ఉండిపోయింది. తెల్లారి పెరట్లోకి వచ్చిన ఆమెకు పెట్టె ముందు బొట్టు పెట్టుకున్న కప్ప కనిపించింది. రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"అయ్యో నా తండ్రీ! వానలు లేక ఊరు ఎండిపోతా ఉంటే పెండ్లికొడుకై వచ్చినావా!"

ఊళ్లో కప్పల పెళ్లి చేయాలని అప్పటికే అనుకుంటున్నారు. వరదప్ప నోరు తెరిచేలోగా ముహూర్తం పెట్టేశారు. మునివెంకటప్ప బావి దగ్గర బక్కచిక్కిన ఆడకప్ప ఒకటి దొరికింది. కాళమ్మ దాన్ని కూతురిగా తీసుకుంది. మునివెంకటప్ప తలపాగా దులిపి కట్టుకుని మగపెళ్లివారి పెద్దయ్యాడు. పెళ్లయితే కప్పల్ని ఊరవతల వంకలో వదులుతారు కదా, పీడా పోతుందని వరదప్ప కూడా ఉత్సాహంగా తోరణాలు కట్టాడు.

పసుపుదారం మెడలో పడిందో లేదో, ఆకాశం చిల్లు పడినట్టు వాన. జనం అరుచుకుంటూ, నవ్వుకుంటూ తలో దిక్కు పరుగెత్తారు. వంక సంగతి ఎవరికీ గుర్తు లేదు. వాన వెలిసాక వరదప్ప పెరట్లోకి పోయి చూస్తే, పెట్టె వాకిలికి అటొకటి ఇటొకటి, జంటగా కూర్చుని ఉన్నాయి.

వరదప్ప గంప తెచ్చాడు. కాళమ్మ అడ్డం నిలబడింది.

"ఎవుర్నప్పా ఎత్తుకుపోతా ఉండావు? వాన తెచ్చిన అల్లుడు! నీకు తోడల్లుడు!"

"అత్తా, వాడు నా ఈగల్ని మింగతా ఉండాడు. ఇప్పుడు పెండ్లాన్ని కూడా తెచ్చినాడు."

"కొత్తల్లుడు తినకుంటే ఇంకెవురు తింటారు? నువ్వు కొత్తల్లుడుగా వచ్చినప్పుడు మా ఇంట్లో కోళ్లు ఎన్ని మిగిలినాయి? నేను గంప తెచ్చినానా?"

వరదప్ప గంప కింద పెట్టేశాడు. ఆ కోళ్లు నిజంగానే రుచిగా ఉన్నాయి. వానలు పడ్డాయి కదా, ఇక అత్త బర్గూరు పోతుందేమోనని ఆశపడ్డాడు. కొత్తజంటను వదిలి ఎట్లా పోతానంది ఆమె.

ఈగలు పలచబడుతుంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది. చాప మీద కూలబడి గొణుగుతుంటే, భార్య చిన్నమ్మకు ఓపిక నశించింది.

"వాళ్లని పంపలేకుంటే పెట్టెనే పైకెత్తు! నువ్వు పండుకుని చూసేదానికేనా అవి బతికేది?"

వరదప్ప చాప చుట్టి గోడకు ఆనించాడు. చివరికి నాలుగు గుంజలు పాతి, పైన పలక కొట్టి, పెట్టెను నడుమెత్తుకు చేర్చాడు. గుంజల కింద జంట కూర్చుని మెడలెత్తి చూసింది. మగకప్ప ఒకసారి ఎగిరి, వెల్లకిలా పడింది.

"నా అల్లుడు పస్తు!" అని కాళమ్మ గుండె బాదుకుంది. ఆనాటి నుంచి పొద్దుగూకగానే పెట్టెకు దూరంగా గోడ పక్కన లాంతరు పెట్టి, వెలుగుకు వచ్చి పడే పురుగులతో కొత్తజంటకు విందు చేసింది.

వరదప్ప నిలబడి ఈగల్ని చూడటం నేర్చుకున్నాడు. కాళ్లు లాగేవి గానీ నిద్ర పట్టేది కాదు. ఉలవ పూత మీదికి వచ్చేసరికి పెట్టె నిండా ఈగలే. తొలి తేనె తీసిన పొద్దున మునివెంకటప్ప గిన్నె పట్టుకుని గోడ దిగాడు.

"మగపెండ్లోళ్లం. ముందు మాకు పొయ్యప్పా."

కాళమ్మ అవునని తలూపింది. వరదప్ప ముందు ఆ గిన్నెలోనే పోశాడు.