జూమ్ కెమెరా మంచీ చెడ్డా

"మంచి గుణాలే సెప్పు. లోపాల మాట నోట్లోనించి వచ్చిందో, తెలుసు గదా," అన్నాడు శివకుమార్, చిన్న జూమ్ కెమెరాను కౌంటర్ మీద పెట్టి.

శాలిని అప్పుడే ఫొటో స్టూడియో తుడిచి చేతులు కడుక్కుంది. ఇంట్లో బీరువాలో చీరల కింద తను దాచిన ఆ కెమెరాను భర్త ఎప్పుడు తీశాడో ఆమెకు తెలియదు. దాన్ని కొనడానికి కుప్పం నుంచి రాణి అనే అమ్మాయి పుంగనూరు బస్సెక్కిందట. మెమరీ కార్డుతో సహా ఇచ్చేస్తాడట. ఆ కార్డులో ఉగాది నుంచి పందొమ్మిది ఫొటోలున్నాయి, అన్నీ శాలిని ఒంటివే. కమిలిన భుజం, వాచిన మోచెయ్యి, వీపు మీద బెల్టు వాత. ఫోన్‌లో తీస్తే శివకుమార్ రోజూ తిరగేసి చూస్తాడు. ఈ కెమెరాకు నెట్టు లేదు, దీంట్లోంచి ఎవరికీ ఏదీ పంపలేం. అందరికీ అది లోపం, శాలినికి మాత్రం అదే దిక్కు. పైగా ప్రతి ఫొటో మూలా తేదీ వేస్తుంది. ఎప్పటికైనా ఎవరికైనా చూపించాలని దాచుకుంది. ఎవరికన్నది ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడు కార్డు తీద్దామంటే శివకుమార్ దాని పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

చెంపదెబ్బలు మూడేళ్ల కిందట పెళ్లయిన నెల నుంచే ఉన్నాయి. ఒళ్లు పగలగొట్టడం మాత్రం ఈ కెమెరా వల్లే మొదలైంది. ఉగాది ముందు మదనపల్లెలో ఒక పెళ్లి. తాళి కట్టే వేళకు చుట్టాలంతా అక్షింతలు పట్టుకుని వేదిక ఎక్కేస్తారు, ఫొటో తీసేవాడికి వాళ్ల వీపులు తప్ప ఏమీ కనబడవు. శివకుమార్ పెద్ద కెమెరాతో ఆ వీపుల వెనక ఇరుక్కుపోయాడు. కింద లైటు పట్టుకుని నిలబడ్డ శాలిని కొంగు నడుముకు దోపి, కుర్చీ ఎక్కి, చిన్న కెమెరాను తలల మీదికెత్తి జూమ్ లాగింది. ముడి వేస్తున్న వేళ్లు, వంచిన మెడ, అన్నీ పడ్డాయి. ఉగాదికి ఆల్బమ్ కోసం వచ్చిన పెళ్లికూతురి తండ్రి ఆంజనేయులు, "నీకంటే మీ ఆడామె మేలు గదప్పా," అని నవ్వి పోయాడు.

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో, శివకుమార్ స్టూడియో షట్టరు దించేశాడు. ట్రైపాడ్‌తో కొట్టాడు. మొదటి దెబ్బకు అరిచింది. రెండో దెబ్బకు భుజంలో ఏదో పట్టుమన్న శబ్దం తనకే వినబడింది. కింద పడ్డాక కడుపులో తన్నాడు. "నాకంటే మేలా? యాడ మేలో సూపించు," అంటూనే తన్నాడు. అత్త వసంతమ్మ కాపడం పెడుతూ, "మొగోడి కంటే ముందర యాల పోవాల నువ్వు? వాడి మనసు కష్టపడదా," అంది. ఎముక ఆమెది, కష్టపడింది మాత్రం వాడి మనసు. ఆ సాయంత్రమే శాలిని చిన్న కెమెరాకు టైమరు పెట్టి మొదటి ఫొటో తీసుకుంది.

రాణి వచ్చింది. మగవాళ్లను లోపలికి రానివ్వని సీమంతాలకూ ఓణీల ఫంక్షన్లకూ ఫొటోలు తీస్తుందట. "అక్కా, నువ్వే వాడినావంట గదా. ఉండేది ఉండేట్టు సెప్పు," అంది.

"చేతిసంచిలో పట్టేస్తాది. గుంపులో ఎవురూ పట్టించుకోరు. తెర మీద ఈ గీత దాకా జూమ్ లాగితే బొమ్మ సక్కంగా వస్తాది," అని శాలిని వేలు పెట్టి చూపించింది.

శివకుమార్ తలూపాడు.

"ఆ గీత దాటినాక జూమ్ ఉత్త సాగదీసేదే. బొమ్మ నూకల మాదిరి పొడిపొడి అయిపోతాది. వెలుతురు తక్కువుంటే పనికిరాదు. ఒకటి తీసి ఇంకోటి తీసేలోపల ఫంక్షనే అయిపోతాది. నీకొద్దులేమ్మా."

ఈ అమ్మాయి వద్దనుకుని పోతే చాలు, రేపైనా కార్డు దక్కించుకోవచ్చు. శాలిని ఎడమ చెయ్యి తెరిచి ఉన్న కౌంటర్ సొరుగు అంచు మీద ఉంది. శివకుమార్ రాణి వైపు నవ్వుతూనే మోకాలితో సొరుగును బలంగా మూశాడు. వేళ్లు లోపలే ఉన్నాయి. "ఈమెకేం తెలుసు, నువ్వే సూసుకోమ్మా," అంటూ ఇంకా అదిమాడు. గోరు ఊడింది. నెత్తురు లోపలి ఆల్బమ్ కవర్ల మీద కారింది. అరిస్తే రెండింతలు పడతాయని శాలిని ఒంటికి తెలుసు.

రాణి పాత ఫొటోలు చూసే బటన్ నొక్కింది. వీపు వచ్చింది, తర్వాత భుజం. పెద్దది చేసి చూసింది. "అన్నా, ఎవురీమె? ఒక్కదాంట్లో కూడా మొగం లేదే?"

శివకుమార్ తొంగి చూశాడు. ఆ వాతలు అతను గుర్తుపట్టాడు. "ఎవురో ఆస్పత్రోళ్లు తీయించుకున్నివి. అన్నీ తీసేయ్‌మ్మా," అన్నాడు. సొరుగును అదిమిన మోకాలు వదులైంది.

శాలిని చెయ్యి లాక్కుని, నెత్తురుతోనే కౌంటర్ మీద పెట్టింది. ఇన్నాళ్లూ సిగ్గుతో మొహం పడకుండా తీసుకుంది. కొట్టినవాడికి లేని సిగ్గు తనకెందుకో ఆమెకు అర్థం కాలేదు. ఒళ్లు మండిపోయింది. మూడేళ్లలో మొదటిసారి భయం కంటే ముందు కోపం వచ్చింది.

"తీసేయొద్దు రాణీ. అది నేనే," అంది. "ఇంకోటి తియ్యి. ఈ చేత్తో పాటు నా మొగం పడాల. జూమ్ వద్దు, రెండడుగులు ఎనక్కి పో. పక్కనుండే ఆయప్ప మొగం గూడా రావాల."