పడమటి దిక్కు

గద్వాల కోట బురుజు మీద పహరావాళ్లకు ఏటా ఒక పరీక్ష ఉండేది. ఒకడు నిలబడి నాలుగు దిక్కులా ఏం కనిపిస్తున్నదో చెప్పాలి. జోడీవాడు చూసి "ఔను" అనాలి. ఇద్దరి మాటా కలిస్తేనే కొలువు నిలుస్తుంది.

అరబ్బు సిపాయి సాలెంను అందరూ చావుస్ అనేవారు. ఆయన చూపు పోయి ఎనిమిది నెలలు. ఆ సంగతి జోడీ తిమ్మప్ప ఒక్కడికే తెలుసు. పడుచుతనంలో సముద్రం దాటి వచ్చిన ముసలాయనకు ఈ బురుజు తప్ప మరో నీడ లేదు. అందుకని తిమ్మప్ప రోజూ సాయంత్రం పాఠం చెప్పేవాడు. తూర్పున తంగేడు పొదలు, దక్షిణాన మసీదు గుమ్మటం, ఉత్తరాన బండ్ల బాట, పడమట జొన్నచేను, అందులో మంచె.

పాఠం పడమటితో ముగిసేది. పొద్దు గుంకేదాకా ఇద్దరూ అటే తిరిగి కూర్చునేవారు.

"ఇగ నీ ఊరి ముచ్చట చెప్పు, చావుస్."

"ఎన్నిమాట్ల చెప్పాలెరా? ఇంటికాడ పెండ్లాం లేదా నీకు?"

అంటూనే చెప్పేవాడు. వాళ్ల ఊరి పక్క ఇసుకలో ఒక పాత నగరం. చుట్టూ రాతి గోడ, దాని మీద ఎవరూ చదవలేని అక్షరాలు. సగం పూడిన దర్వాజా. లోపలికి ఎవరూ పోరు.

"నువ్వు పోయినవా?"

"పోలే."

ఆ మాట దగ్గర మాత్రం ముసలాయన గొంతు ప్రతిసారీ తగ్గేది.

పరీక్ష నాడు పొద్దున్నే, పహరావాళ్ల లెక్క రాసే అనంతయ్య పంతులు దఫ్తరు పట్టుకొని మెట్లెక్కాడు. చావుస్ మూడు దిక్కులూ తడబడకుండా చెప్పాడు. తిమ్మప్ప మూడుసార్లు "ఔను" అన్నాడు. చావుస్ పడమటికి తిరిగాడు. ముఖం మెత్తబడింది.

"రాతి గోడ," అన్నాడు. "గోడ మీద రాత. సగం పూడిన దర్వాజా."

తిమ్మప్పకు అర్థమైంది. తప్పు తనదే. పడమటి పాఠం, ఊరి ముచ్చట రెండూ ఒకే దిక్కున నడిపాడు.

"ఏం తిమ్మప్పా, ఔనా కాదా?" అన్నాడు పంతులు.

కాదంటే ముసలాయన వీధిన పడతాడు. ఔనంటే ఇద్దరూ. జొన్నచేను చూస్తే ఏదో మాట తోచకపోదని అటు చూశాడు. చేను లేదు. మంచె లేదు. ఎండలో గోడ తెల్లగా లేచి ఉంది. సగం పూడిన గుమ్మం రాయి మీద నల్ల మేక నిలబడి ఇటే చూస్తున్నది. మేక మాట చావుస్ ఎన్నడూ చెప్పలేదు.

"ఔను. గుమ్మం మీద మేక సుత ఉన్నది."

"పొద్దుగాల్నే కల్లు తాగిండ్రా ఇద్దరు?" అని పంతులు నవ్వాడు.

చావుస్ నవ్వలేదు. తడుముకొని తిమ్మప్ప భుజం పట్టుకున్నాడు.

"ఒంటి కొమ్ముదా?"

తిమ్మప్ప మళ్లీ చూశాడు. "ఔను."

"నా మేకనే. లోపల్నుంచి అరుస్తుండె," అన్నాడు ముసలాయన. "అప్పుడు ఏడేండ్లోన్ని. భయమై పోలే."

ముసలాయన తడుముకోవడం చూసి పంతులు నవ్వు ఆగింది. దఫ్తరు మూశాడు. "నడుం పట్కాలు ఇక్కడ పెట్టి దిగుండ్రి, ఇద్దరు. మీ కొలువు తీరింది."

మెట్ల మీద ఎప్పుడూ తిమ్మప్పే ముందు నడిచేవాడు. ఆ పూట చావుస్ వాడి చెయ్యి పట్టుకొని ముందు తడబడకుండా దిగాడు. వెనక తిమ్మప్పకు మెట్లు కనబడటం లేదు, ఆ తెల్ల గోడే కనబడుతున్నది. కాలు వేసిన చోటల్లా ఇసుక మెత్తగా దిగుతున్నది.