ఫోనులో దాచిన పాఠాలు

కుట్టుమిషను తొక్కుతున్న తల్లి కళ్ళు గుడ్డ మీద, చెవులు పక్కగదిలో. టింగుమని మోగిందంటే చిట్టి చేతిలో ఫోను ఉన్నట్టే.

"ఎంతసేపే తల్లీ! కళ్ళు ఊడి చేతిలో పడతాయి."

"చదువుకుంటున్నానమ్మా. పాఠాలన్నీ ఇందులోనే ఉన్నాయి."

అంతే, తల్లి మళ్ళీ మిషను తొక్కేది. తాను చదివింది మూడో తరగతి. రోజూ స్నేహితురాలు నోట్సు రాస్తే, చిట్టి దాన్ని ఫొటో తీసుకుంటుంది. రాసే చేయి ఆ పిల్లది, నొక్కే వేలు మనదానిది. ఫోను లాక్కుంటే పాఠాలు పోతాయి, వదిలేస్తే పిల్ల పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మూడు పరీక్షలు తప్పింది చిట్టి. ఇరవై రోజుల్లో మళ్ళీ పరీక్ష, అదీ తప్పితే మళ్ళీ అదే తరగతి. పంతులమ్మ తల్లీకూతుళ్ళిద్దరినీ బడికి పిలిపించింది.

"ఆకు తన ఆహారం ఎలా తయారు చేసుకుంటుంది?"

చిట్టి బొటనవేలు ఖాళీ అరచేతిలో పైకీ కిందికీ జరిగింది. "తెలుసు మేడం... పచ్చసిరాతో బొమ్మ వేసిన పేజీ. ఫోనిస్తే చూపిస్తాను."

"సిరా రంగు గుర్తుంది, పాఠం గుర్తులేదా?"

తల్లి చూపు ఆ వేలి మీదే నిలిచింది.

ఇంటికి రాగానే ఆమె బీరువా తెరిచింది. లోపల కుట్టాల్సిన గుడ్డలు తాటిచెట్టంత ఎత్తు.

"ఇన్ని గుడ్డలున్నాయి కదా, ఒక చొక్కా తీసి తొడుక్కో."

"కుట్టకుండా చొక్కా ఎక్కడిదమ్మా?" అంది చిట్టి. అని, తలవంచుకుంది.

ఫోనులో నాలుగు వందల పన్నెండు ఫొటోలు. పాఠాలు అందులోనే, ఆటలూ అందులోనే. ఆ ఫోను లేకుండా పరీక్ష గట్టెక్కే దారి లేదు. తల్లి దాన్ని తన చేతిలోనే ఉంచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చిట్టి రాసింది. సగం పేజీకే వేళ్ళు నొప్పెట్టాయి. టింగుమంది ఫోను.

"ఒక్క నిమిషమమ్మా, చూసి ఇచ్చేస్తా."

"ఆ ఒక్క నిమిషాలే కదే ఏడాదిని మింగేశాయి! రాయి."

చిట్టి కళ్ళనిండా నీళ్ళు. అయినా కలం కదిలింది. ఈ పేజీ అయ్యాక ఇంకా నాలుగు వందల పదకొండు ఉన్నాయి.

అమ్మలారా, అయ్యలారా, బీరువాలో ఉన్నంత మాత్రాన గుడ్డ చొక్కా కాదు. ఫోనులో ఉన్నంత మాత్రాన పాఠం చదువూ కాదు.