అంగుళం తక్కువ ఐదడుగులు

నేను ఒక దర్జీ టేపుని. పసుపుపచ్చగా, సన్నగా, అరవై అంగుళాల పొడవున పుట్టాను. ఇప్పుడు యాభై తొమ్మిదే. ఆ పోయిన ఒక్క అంగుళం ఎన్ని కొంపలు ముంచబోయిందో చెప్పడానికే ఈ కథ మొదలుపెట్టాను.

ఏ ఊరి ఫ్యాక్టరీలో పుట్టానో నాకు సరిగా గుర్తులేదు. వేడి వేడి అచ్చు కింద నుంచి దూరి వచ్చానని, బయటికొచ్చేసరికి ఒంటినిండా అంకెలున్నాయని మాత్రం తెలుసు. రెండు కొసలకీ ఇత్తడి తొడుగులు కొట్టారు. మాకూ కొంచెం గర్వం ఉంటుంది లెండి. మనుషులు తమ గురించి తాము చెప్పుకునేది ఎవరూ నమ్మరు గాని, మేం చెప్పింది మాత్రం మారు మాట్లాడకుండా కాగితం మీద రాసుకుంటారు.

నన్ను కొన్నవాడు విజయనగరం గంటస్తంభం దగ్గర కుట్టు దుకాణం పెట్టుకున్న గౌరీశ్వరరావు. ఊళ్లో అందరికీ గౌరీసు. పొద్దున్న దుకాణం తెరుస్తూనే నన్ను మెళ్లో వేసుకునేవాడు. మళ్లీ తలుపు మూసేదాకా నాకు ఆయన మెడే ఇల్లు. ఆ మెడ చెమటకి నా వెనకవైపు సెంటీమీటర్లన్నీ చెరిగిపోయాయి. అయినా ఆయనకు సెంటీమీటర్లతో పనేముంది? అంగుళాల్లోనే ఆలోచించేవాడు. అంగుళాల్లోనే కోప్పడేవాడు. "ఆడికి అరంగుళం బుర్ర లేదు" అనేవాడు.

ఒక పెళ్లిళ్ల కాలంలో, నలుగురు పెళ్లికొడుకుల కోట్లు ఒకేసారి మీదపడ్డప్పుడు, ఆయన కత్తెర గుడ్డతో పాటు నన్నూ కోసేసింది. ఇత్తడి తొడుగుతో సహా మొదటి అంగుళం ఎగిరి బల్ల కింద పడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. గౌరీసు మాత్రం ఒక నిమిషం నా మొహం చూసి, తెగిన కొసకి నీలం దారంతో కుట్టు వేసి, మళ్లీ మెళ్లో వేసుకున్నాడు. చేతికి అలవాటైన టేపుని పారెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు.

ఆ రోజు నుంచి ఆయన నా మీద కనిపించే ప్రతి అంకెలోంచీ ఒకటి మింగి చెప్పేవాడు. పదిహేను కనిపిస్తే పధ్నాలుగు. గుడ్డ మీద తొమ్మిది గీయాలంటే పది దగ్గర సుద్ద పెట్టేవాడు. ముప్ఫై ఏళ్లు అలాగే మింగాడు. చివరికి మింగుతున్నానన్న సంగతి కూడా మరిచిపోయాడు. మనుషులంతే. ఏ కుంటితనమైనా నాలుగు రోజులు అలవాటైతే అదే నడక అనుకుంటారు.

కళ్లకి పొర కమ్మాక ఆయన దుకాణం మూసేసి బొండపల్లిలో సొంతింటికి చేరాడు. అక్కడికే ఒక వేసవి సెలవుల్లో, అన్నగారి మనవరాలు పైడితల్లి వచ్చింది. విజయనగరంలో టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. "తాతా, నా బట్టలు నేనే కుట్టుకోవాలి. నేర్పు" అంది. ముసలాయన పొంగిపోయాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని నోటితోనే పాఠం చెప్పాడు. ఛాతీ కొలత నాలుగు భాగాలు చెయ్యి, పైన కాస్త వదులు పెట్టు, కుట్టుకి అరంగుళం విడిచిపెట్టు, సుద్దతో గీసి మూడుసార్లు చూసి ఒకసారి కొయ్యి. పాత న్యూస్‌పేపర్ల మీద గీయించి, వాటిని వేళ్లతో తడిమి "భేష్" అన్నాడు. వెళ్లేటప్పుడు నన్ను ఆమె మెళ్లో వేసి, దీవించి పంపాడు. ఒకటి మింగాలని మాత్రం చెప్పలేదు.

ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో పాత కుట్టుమిషను ఒకటి ఉండేది. పైడితల్లి దాని మీద మొదట ఒక జాకెట్టు కుట్టుకుంది. పొడుగు సరిగ్గా ఉంది. భుజం సరిగ్గా ఉంది. హుక్కులు మాత్రం పట్టలేదు. రెండోది కుట్టింది. అదే తంతు. స్నేహితురాళ్లకి కుట్టిపెట్టింది. వాళ్లకీ ఊపిరాడలేదు.

ఎందుకో నాకు తెలుసు. ఒంటి మీద పెట్టినప్పుడు నేను ఒక అంగుళం ఎక్కువ చెబుతాను. గుడ్డ మీద పెట్టినప్పుడు ఒకటి తక్కువ ఇస్తాను. పొడుగుకైతే ఆ రెండూ సరిపోతాయి. కాని ఛాతీని నాలుగు ముక్కలుగా కోసినప్పుడు, ముక్కకో అంగుళం చొప్పున నాలుగు తింటాను. ఒకటి ఇచ్చి నాలుగు తీసుకున్నవాణ్ని, మూడంగుళాల దొంగని. అరిచి చెబుదామంటే నాకు అంకెలే గాని నోరు లేదు. మొదటి అంకె ఒకటి కాదు, రెండు అని ఒక్కరైనా చూస్తారేమోనని ఎదురుచూశాను. కొలిచేటప్పుడు ఎవరూ మొదలు చూడరు, చివరే చూస్తారు.

హాస్టల్ అమ్మాయిలు తప్పు తమ ఒంటిదేననుకున్నారు. "హాస్టల్ తిండికి కూడా ఒళ్లొచ్చీసిందేటే!" అని ఒకరినొకరు చూసుకుని కంగారుపడ్డారు. రెండు వారాలపాటు సాయంత్రం టిఫిన్‌కి ఎవరూ రాకపోయేసరికి వంటావిడ అలిగింది. పొద్దున్నే మైదానం చుట్టూ పరుగులు మొదలయ్యాయి. ఒక అంగుళం లోటుకి అంతమంది ఆడపిల్లలు ఉపవాసాలు చెయ్యడం చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఇంతలో నాటకం వచ్చిపడింది. బాలల దినోత్సవానికి పక్క బడి పిల్లల ముందు "కూరగాయల పంచాయితీ" ఆడాలని క్లాసంతా అనుకుంది. వేషాలు అద్దెకి తెద్దామన్నారు మేడమ్. పైడితల్లి లేచి నిలబడి, "అక్కర్లేదు మేడమ్, నేను కుడతాను" అంది. జాకెట్లు కుదరక సగం చచ్చిపోయిన నమ్మకాన్ని ఈ వేషాలతో బతికించుకోవాలన్నది ఆమె ఆశ. ఇదీ పాడైతే మిషను ముట్టుకోనని తనలో తనే అనుకుంది.

పొట్లకాయ వేషం రెండు ముక్కలే కాబట్టి బాగానే వచ్చింది. పొట్లకాయ బిగుతుగా ఉంటే అడిగేవాళ్లెవరు? వంకాయ నాలుగు ముక్కలు, కాస్త ఇరుకు. గుమ్మడికాయ ఎనిమిది ముక్కలు. నారింజరంగు గుడ్డంతా దానికే అయిపోయింది. ఆ వేషం ఎస్తేరుది. ఎస్తేరు పైడితల్లికి ప్రాణ స్నేహితురాలు, ఉపవాసాలు చెయ్యని ఒకే ఒక్క మనిషి.

రిహార్సల్‌లో ఎస్తేరు అందులోకి ఎలాగో దూరింది. లోపల దూది కూరారు. పంచాయితీ పెద్దకి దణ్ణం పెట్టడానికి వంగింది. అంతే. టపటపమని ఎనిమిది కుట్లలో ఐదు విడిపోయాయి. దూది స్టేజీ అంతా ఎగిరింది. అందరూ పడీపడీ నవ్వారు.

ఎస్తేరు కూడా నవ్వి, "నా తప్పేనే పైడీ. పొద్దున్న ఇడ్డెన్లు ఆరు తినీసేను" అంది.

"నీ తప్పు కాదే. నా చేతికి కుట్టు రాదు" అంది పైడితల్లి. చీలిన గుమ్మడికాయని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె మెళ్లో నేను ముడుచుకుపోయాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

నాటకానికి ఇంకా నాలుగు రోజులుంది. మర్నాడు ఆదివారం. బస్సెక్కి బొండపల్లి వెళ్లి, నన్ను తీసి ముసలాయన చేతిలో పెట్టింది.

"ఇది నువ్వే ఉంచీసుకో తాతా. నాకు అచ్చిరాలేదు. రేపెళ్లి వేషాలు అద్దెకి తెచ్చీమని చెప్పీస్తాను."

గౌరీసు జరిగిందంతా విన్నాడు. పొడుగు సరిపోయి వెడల్పు సరిపోకపోవడమేమిటని గొణుక్కున్నాడు. చూపు లేకపోయినా ఆయన బొటనవేలు దానంతటదే నా కొసకి వెళ్లి, నీలం దారం కుట్టు మీద ఆగింది.

"నువ్వెక్కణ్నించి పట్టినావే గుంటా?"

"కొస నించే తాతా. ఇంకెక్కణ్నించి పడతారేటి?"

"ఓలమ్మో! ఒకటి మింగమని నీకు చెప్పనేదేటి నాను?" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ముప్పయ్యేళ్ల నించి మింగుతున్నాను, ఆ సంగతి నాకే మతికి నేదు! తప్పు నాదే తల్లీ. నీ చెయ్యి బంగారం."

పైడితల్లి నన్ను లాక్కుని మొదటి అంకె చూసింది. రెండు. మళ్లీ చూసింది. ముందు కోపం వచ్చింది, తరవాత నవ్వొచ్చింది, ఆ తరవాత ఉపవాసాలున్న స్నేహితురాళ్లు గుర్తొచ్చి కడుపు పట్టుకుని నవ్వింది. ముసలాయన కూడా అంతసేపూ నవ్వాడు.

నారింజరంగు గుడ్డ ముక్క కూడా మిగల్లేదు. పొట్లకాయది ఆకుపచ్చ గుడ్డ కొంచెం ఉంది. తాత చెప్పినట్టు ఎనిమిది పట్టీలు కోసి, నారింజ ముక్కల మధ్య ఒక్కొక్కటీ అతికింది. పూర్తయ్యాక చూస్తే, నిజం గుమ్మడికాయకి చారలున్నట్టే ఉన్నాయి. లోటు పూడ్చడానికి వేసిన అతుకులే ఆ వేషానికి అందమయ్యాయి.

బాలల దినోత్సవం నాడు ఎస్తేరు పొద్దున్న ఇడ్డెన్లు ఎనిమిది తిని మరీ స్టేజీ ఎక్కింది. ఇంకా నోరు తెరవకముందే పిల్లలంతా "గుమ్మడికాయ! గుమ్మడికాయ!" అని కేకలేశారు. ఎస్తేరు నేలకంటా వంగి దణ్ణం పెట్టింది. తెర పక్కన పైడితల్లి నన్ను రెండు చేతుల్తో పిసికేస్తూ కుట్లు లెక్కపెట్టింది. ఒక్క కుట్టు కూడా విడలేదు.

ఇప్పుడు పైడితల్లి సాలూరు దగ్గర ఒక బడిలో టీచరు. తన చీరల మీదకి జాకెట్లన్నీ తనే కుట్టుకుంటుంది. అందుకు వేరే కొత్త టేపు ఉంది. నేను క్లాసుగదిలో మేకుకి వేలాడుతూ విశ్రాంతిగా ఉన్నాను. చేతిపనుల పీరియడ్‌లో మాత్రం అప్పుడప్పుడు నాకు పని పడుతుంది.

మొన్న ఒక పిల్ల బొమ్మకి గౌను కోసి, అది పట్టక, కత్తెర బల్ల మీద పడేసింది. "నాకు రాదు టీచర్" అంది.

పైడితల్లి నన్ను మేకు మీంచి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "నీకు రాదో, కొలత తప్పో ముందు చూద్దాం. దీని మీద మొదటి అంకె ఏటో చదువు" అంది.

ఆ పిల్ల నా కొస కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "రెండు టీచర్" అని నవ్వింది. తరవాత తన బల్ల దగ్గరికి వెళ్లి, బొమ్మని మళ్లీ మొదట్నుంచి కొలవడం మొదలుపెట్టింది.