సగం పుచ్చకాయ

పొద్దు పొడవంగనే శరణమ్మ మిద్దెక్కుతది. రాయచూరు పక్కన యరమరస్‌ ఊర్ల వాళ్ల మిద్దె ఎంతుంటది, రెండు మంచాలేస్తే నిండిపోతది. అంతలనే పన్నెండు పెయింట్ డబ్బాలు, డబ్బాకొక పుచ్చతీగ. మొగుడు పంపన్న రాయచూరుల ఇండ్లకు రంగులేస్తడు. ఖాళీ డబ్బాలు తెచ్చి, అడుగున కాల్చిన చువ్వతో బొక్కలు పొడిచి, ఎర్రమట్టి, మేకపెంట కలిపి నింపిండు. మిద్దె మీదికి తేనెటీగలు సరిగ రావు. అందుకే శరణమ్మనే మగపువ్వు తెంపి, రెక్కలు వలిచి, ఆడపువ్వు నడుమ అద్దుతది. ఎండెక్కినంక అద్దితే పిందె నిలబడదు.

కాయలు చెంబంతనే అయితయి. మనిషికొక కాయ సరిగ్గ సరిపోతది. అది తిన్నోళ్లకు దుఃఖం పోతది. వాడకట్టోళ్లు జ్వరానికి గోలీ అడిగినట్టు వచ్చి అడుగుతరు, ఈమె ఇస్తది. కాకపోతే ఒక్క దుఃఖమే పోదు, దేనికోసం ఏడుస్తున్నరో అది గూడ పోతది. పక్కింటి భీమవ్వ బర్రె చచ్చిందని ఒక కాయ తిన్నది. మర్నాటి నుంచి తన వాకిట్ల బర్రెను కట్టేసే గుంజను చూసి "ఇది ఎవరు పాతిండ్రే?" అని కనపడ్డోళ్లనల్ల అడుగుడే. అందరు నవ్విండ్రు. శరణమ్మ గూడ నవ్వింది. అవి నవ్వే రోజులు.

రెండేండ్ల కింద వాళ్ల ఆరేండ్ల బిడ్డ అక్షత జ్వరమొచ్చి నాలుగు రోజుల్ల పోయింది. పంపన్న గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. తొమ్మిది రోజులు మెతుకు ముట్టలే. ఈయన గూడ పోతడేమోనని శరణమ్మకు భయం పట్టుకుంది. కాయ పెడితే బతుకుతడు, బిడ్డను మర్చిపోతడు. మరి సగమే పెడితే? సగం దుఃఖం పోతది, బిడ్డ మతిల ఉంటది. అట్ల అనుకోని సగం కాయ ఆయన చేతికిచ్చి, మిగిలిన సగం ఆడనే పెట్టి, బోరింగు కాడికి నీళ్లకు పోయింది. పిచ్చి తల్లి, తొమ్మిది రోజుల ఆకలిని మర్చిపోయింది. తిరిగొచ్చేసరికి పంపన్న ఆ సగం గూడ తిని తొక్క గీకుతున్నడు.

"మస్తు తియ్యగున్నది," అన్నడు. తర్వాత గోడకు తగిలేసిన చిన్న గౌను చూసిండు. "ఎవరిదే ఇది?"

నిజం చెప్తే మళ్ల మంచం పడతడు. "చుట్టాలది," అన్నది శరణమ్మ.

ఆ ఒక్క మాట మీదనే రెండేండ్లు గడిచినయి. వాడకట్టోళ్లు గూడ ఆయన ముందర పాప పేరెత్తరు. కాయ బరువుకు తీగ తెగకుండ గుడ్డతోని జోలె కట్టాలె. ఇంట్ల ఉన్న చిన్న గౌన్లు చింపి పంపన్ననే ఈల వేసుకుంట కడతడు. అప్పుడు శరణమ్మ కిందికి దిగిపోతది. తను గూడ ఒక కాయ తింటే ఈ బాధ ఉండదు. కాని బిడ్డను తలుచుకునే మనిషి ఇంట్ల ఉండదు. అందుకే తినలే. తినక, ఏడ్వక, మనిషి సగమైంది.

ఈ ఎండకాలం ఒకనాడు మిద్దెక్కలేక నడుమ మెట్టు మీదనే కూలబడింది. పంపన్న ఒక కాయ కోసుకొచ్చి ముందర పెట్టిండు.

"తిను. నీకేం ఫికరున్నదో నేనెన్నడు అడగలే. తప్పు నాదే."

"తినలేనయ్యా."

"ఎందుకు?"

శరణమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. "మనకొక బిడ్డ ఉండె," అన్నది.

పంపన్న కత్తి కింద పెట్టి పక్క మెట్టు మీద కూసున్నడు. "మొత్తం చెప్పు."

మంగళారం పుట్టింది. ఎడమ చేత్తోని తినేది. జేబుల్ల పుట్నాలు దాచుకునేది. ఉరిమితే నాయిన అంగి కిందికి దూరేది. ఆమె ఒక్కొక్కటి చెప్తుంటే ఆయన వెనకాలనే అప్పజెప్పుకున్నడు. "మంగళారం. ఎడమ చెయ్యి. పుట్నాలు. నా అంగి." ఏదన్న తప్పితే మళ్ల చెప్పించుకున్నడు. అట్ల పొద్దు గూకింది.

"ఇగ తిను. రెండేండ్లు నువ్వొక్కదానివే మోసినవు. ఇప్పుడు నా కాడ ఉన్నది గద."

"నీకు యాదికి రాదయ్యా. నేను చెప్పిందే ఉంటది."

"ఉండని. అదే ఉంచుకుంటా."

ముక్కలు కోసి తన చేత్తోనే తినిపిచ్చిండు. ఏడ్సుకుంటనే తిన్నది. సగం అయ్యేసరికి ఏడుపు ఆగింది. అయినా పంపన్న ఆఖరి ముక్క దాక పెట్టిండు.

తెల్లారి శరణమ్మ ఎండొచ్చేదాక పండుకున్నది. లేచి రెండు జొన్నరొట్టెలు తిన్నది.

"పనికి పోలేదేందయ్యా? కండ్లెందుకు గట్ల ఎర్రగైనయి?"

"సున్నం పడ్డది," అన్నడు పంపన్న.

ఆమె మిద్దెక్కినంక భీమవ్వ ఇంటికి పోయిండు. మొఖం చూడంగనే ఆయనకు బిడ్డ సంగతి తెల్సిందని భీమవ్వకు అర్థమైంది. "పైన ఇంక కాయలున్నయి గద పంపన్నా, నువ్వింకొకటి తిను," అన్నది.

పంపన్న తల అడ్డంగ ఊపిండు. "భీమవ్వా, మా పాప నవ్వితే చెంపకు సొట్ట పడేదా? నిన్న అది అడుగుడు మర్చిపోయిన. ఇప్పుడు ఇంట్ల అడుగుదామంటే ఎవరు లేరు."

"పడేదనుకుంట బిడ్డా, మంచిగ యాదికొస్తలేదు. మూలింటి యంకవ్వను అడుగు. మీ పాప ఆమె మనుమరాలితోని ఆడుకునేది."

పంపన్న చెప్పులేసుకొని యంకవ్వ ఇంటికి పోయిండు.