అందరికీ పని ఉన్న ఊరు

సింధూరి ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద ఉంది. ఎక్కడ ఎందరికి పని ఉంది, ఎందరు పిల్లలు బడికి వెళుతున్నారు, అంగన్‌వాడీల్లో పసివాళ్ళ బరువు ఎలా ఉంది అన్నవన్నీ పక్కపక్కన పెట్టి చూడడం ఆమె ఉద్యోగం. అలా చూస్తే ఏ ప్రాంతం బతుకు ఒక పక్కకి ఒరిగిపోతోందో అది కూలకముందే తెలుస్తుందని ఆ ఆఫీసు నమ్మకం.

చినలంకపాలెం అంకెలు చూసినప్పుడు ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఊరది. అక్కడి ఆడవాళ్ళంతా రొయ్యల ఫ్యాక్టరీలో ఒలుపు పని చేసేవాళ్ళు. అమెరికా వాళ్ళు సుంకం పెంచాక ఎగుమతులు పడిపోయి ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అయినా సర్వేలో మాత్రం ఆ ఊళ్ళో పనిలేని మనిషంటూ ఎవరూ లేరు. అందరికీ పని ఉంది. పిల్లల బరువులేమో నెలనెలా తగ్గుతూ వస్తున్నాయి. ఆడపిల్లలు బడి మానేస్తున్నారు.

“పనున్న ఇంట్లో పిల్లలు ఎందుకు చిక్కిపోతారు సార్?” అని పై అధికారి సిద్ధార్థను అడిగింది.

“అంగన్‌వాడీలో కాటా పాడైపోయి ఉంటుందమ్మా,” అన్నాడాయన, తలెత్తకుండానే. “పని ఉందని వాళ్ళే చెబుతుంటే మనకెందుకు అనుమానం?”

అనుమానం తీరక మర్నాడు పొద్దున్నే సింధూరి బస్సెక్కింది. అవనిగడ్డలో దిగి ఆటో మాట్లాడుకుని ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వీధులు చిమ్మి ఉన్నాయి. తలుపులు తీసే ఉన్నాయి. ఏ ఇంట్లోంచీ పొయ్యి పొగ గాని, తిరగమోత వాసన గాని రావడం లేదు. చర్చి పక్కనున్న ఇంటి అరుగు మీద ఇశ్రాయేలు అనే ముసలాయన మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల జబ్బ సింధూరి బొటనవేలంత ఉంది.

“తాతగారూ, ఇంట్లో ఆడవాళ్ళు లేరా?”

“మా కోడలు రూతు పనికెళ్ళిందండీ.”

పక్కింట్లో అడిగినా పనికెళ్ళారన్నారు. ఆ పక్కింట్లోనూ అదే మాట. మళ్ళీ ముసలాయన అరుగు దగ్గరికొచ్చింది.

“ఏ పనికండీ?”

“ఫ్యాక్టరీకేనండీ. ఇంకెక్కడికెళ్తారు?” అన్నాడు ఇశ్రాయేలు. అని, మనవరాలి తల మీద చెయ్యి వేసి మొహం తిప్పుకున్నాడు.

ఫ్యాక్టరీ కాలవ గట్టు మీద ఉంది. రొయ్యల ఫ్యాక్టరీ అంటే ఆమడ దూరానికే నీచు వాసన కొడుతుంది. చుట్టూ కాకులు, కొంగలు, పిల్లులు గోలగోలగా ఉంటాయి. ఇక్కడ ఒక్క కాకి లేదు. గేటు ఓరగా తీసి ఉంది. లోపల కరెంటు లేదు. పైన రేకుల సందుల్లోంచి పడుతున్న వెలుతురులో స్టీలు బల్లలు కనిపించాయి. బల్లలకు అటూ ఇటూ ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. తలకి టోపీలు, చేతులకి తొడుగులు, ముందు ప్లాస్టిక్ గుడ్డలు. అందరి చేతులూ కదులుతున్నాయి. తల తుంచడం, పెంకు ఒలవడం, నరం లాగడం, పక్కన పడేయడం. మళ్ళీ తల తుంచడం.

బల్లల మీద ఏమీ లేదు.

ఎవరూ తలెత్తి చూడలేదు. వేళ్ళు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు మాత్రం ఆకుల మీద సన్నవాన పడుతున్నట్టు వినిపిస్తోంది. చివరికి సింధూరి ధైర్యం చేసుకుని, “రూతు గారంటే ఎవరండీ?” అంది.

“నేనేనండీ,” అంది నడివయసు మనిషొకామె. చేతులు ఆపలేదు.

“ఏం చేస్తున్నారండీ ఇక్కడ?”

“పనండీ. మొన్న సర్వే ఆయన కూడా అడిగారు. పోయిన వారంలో ఒక గంటన్నా పనిచేశారా అన్నారు. చేశామని చెప్పాం. అబద్ధమేం కాదు గదండీ?”

“కూలి ఎవరిస్తున్నారు?”

“ఎవరిస్తారండీ? మూసేశారు గదా.”

“మరి ఎందుకొస్తున్నారు రూతు గారూ?”

రూతు గొంతు తగ్గించి చెప్పింది. “మూసేసిన కొత్తలో ఇళ్ళల్లోనే ఉన్నామండీ. చేతులు ఊరుకోలేదు. అన్నం కలుపుతుంటే మెతుకులు ఒలిచేవి. నిద్రలో పిల్లల చెవులు పట్టుకుని లాగేవి. దేవుడా అని ప్రార్థన చేద్దామని జోడిస్తే, ఒకదాన్నొకటి ఒలుచుకునేవి. ఆ సంపూర్ణమ్మని చూడండి.”

బల్ల చివర నిలబడ్డామెకి తొడుగులు లేవు. చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఆ గుడ్డల మీద ఎర్రగా తడి.

“తన వేళ్ళ తోలు తనే తీసేసుకుందండీ, నిద్దట్లో. అప్పుడిక ఇక్కడికొచ్చేశాం. ఇక్కడైతే మమ్మల్నేం చెయ్యవు. గాలిని ఒలుచుకుంటాయి.”

రూతు పక్కన ఒకరు నిలబడేంత జాగా ఖాళీగా ఉంది. అక్కడికి ఎప్పుడు వెళ్ళిందో సింధూరికి తెలియదు. బల్ల మీద చెయ్యి ఆనించింది. కరెంటు లేకపోయినా బల్ల మంచుగడ్డలా ఉంది. చలి మోచేతుల దాకా పాకింది. చూపుడువేలు, బొటనవేలు దగ్గరకొచ్చి ఏదో మెత్తటిదాన్ని పట్టుకున్నాయి.

“రండి మేడమ్ గారూ, రండి!” రూతు భుజంతో ఆమెను గట్టిగా నెట్టింది. “ఇక్కడ నిలబడకూడదు మీరు.”

బయటికొచ్చి పడేసరికి ఎండ వాలిపోయి ఉంది. వేళ్ళ కొసలు రోజంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

ఆఫీసులో ఇదంతా చెప్పలేకపోయింది. చెప్పగలిగినంత వరకే చెప్పింది. కూలి లేని పనిని పనిగా లెక్కేయకూడదని, పిల్లల బరువులే నిజం చెబుతున్నాయని, ఆ ఊరు ఎప్పుడో ఒరిగిపోయిందని సిద్ధార్థతో పోట్లాడింది. ఆయన మొదట విసుక్కున్నాడు. తర్వాత ఆమె ఊళ్ళో తీసిన పిల్లల ఫొటోలు చూసి, “అలాగే రాసెయ్యమ్మా,” అన్నాడు. చినలంకపాలెం అంకె తలకిందులైంది. జిల్లా వాళ్ళు కదిలారు. బియ్యం వచ్చాయి, పాలపొడి వచ్చింది, డాక్టరు వచ్చాడు. మూతపడిన ఫ్యాక్టరీలో జనం చేరడం ప్రమాదమని ఎవరో అధికారి గేటుకి తాళం కూడా వేయించాడు.

ఆ తాళం సంగతి తెలిసిన రోజే సింధూరి మళ్ళీ అవనిగడ్డ బస్సెక్కింది.

ఇశ్రాయేలు మనవరాలు అరుగు మీద పాలగ్లాసు పట్టుకుని కూర్చుంది. బుగ్గల్లో కాస్త రంగు వచ్చింది. ఇంటింటా పొయ్యి వెలుగుతోంది. రూతు లోపల నవారు మంచం మీద, రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి.

“మంచిపని చేశారు మేడమ్ గారూ. పిల్లలు తింటున్నారు,” అంది. “రాత్రిళ్ళు మా మామగారు నా చేతులు మంచంకోడుకి కట్టేస్తున్నారు. ఏం ఫర్వాలేదండీ.”

“ఆ తాళం తీయించమని రేపే అడుగుతాను.”

“వద్దండీ. అక్కడికెళితే మళ్ళీ పనుందని రాస్తారు. బియ్యం ఆగిపోతాయి.”

సింధూరి మంచం మీద ఆమె పక్కన కూర్చుని, ఆ చేతుల్ని బయటికి లాగి తన రెండు చేతుల మధ్య పట్టుకుంది. అవి గుప్పిట్లో చిక్కిన పిట్టల్లా కొట్టుకున్నాయి. సింధూరి గోళ్ళ కింద తడిమాయి, కణుపుల దగ్గర తోలు ఎక్కడ వదులుగా ఉందా అని వెతికాయి. నొప్పి పుట్టింది. సింధూరి వదల్లేదు.

“నిద్రపోండి రూతు గారూ. నేను పట్టుకుంటాను.”

రూతు నమ్మలేనట్టు చూసి, గోడకి చేరగిలబడింది. కాసేపటికి రెప్పలు వాలాయి, ఊపిరి బరువెక్కింది. చేతులు మాత్రం ఒలుస్తూనే ఉన్నాయి. ఇశ్రాయేలు గుమ్మంలోకొచ్చి, ఆఖరి బస్సుకి వేళైందని చెప్పాడు. సింధూరి తల అడ్డంగా ఊపింది.